బాల్కనీ గేటు మార్తమ్మ

విజయవాడ గాంధీనగరంలోని మణిమంజరి థియేటరుకి వెళ్లే అలవాటున్న వాళ్లకి మార్తమ్మ మొహం తెలిసే ఉంటుంది. ముదురు నీలం చీర, మెడలో సన్నటి శిలువ గొలుసు, ముక్కు మీదికి జారిపోయే కళ్లద్దాలు. బాల్కనీ మెట్లెక్కి వచ్చిన వాళ్ల చేతిలోంచి టికెట్టు తీసుకుని, ముందు మనిషిని చూసి, తర్వాత టికెట్టును చూసి, అప్పుడు చింపి సగం తిరిగిచ్చేది. ఇరవై ఆరేళ్లుగా అదే గేటు, అదే పని. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక మేనేజరు ఒక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి పెడితే దాన్ని తన సంచి పెట్టుకోడానికి వాడుకుంది తప్ప కూర్చోలేదు. కూర్చుంటే పైకొచ్చేవాళ్లు మెట్ల మీద ఉండగానే కనబడరని ఆవిడ బాధ.

ఆ ఉద్యోగంలోకి ఆవిడ కావాలని రాలేదు. భర్త అబ్రహాము అదే థియేటర్లో ప్రొజెక్టరు ఆపరేటరు. ఆవిడ కృష్ణలంక నుంచి రోజూ మధ్యాహ్నం ఆయనకి క్యారేజీ తెచ్చేది. ఒకరోజు ఆడవాళ్ల క్యూలోకి తాగి దూరిన వాణ్ణి చెయ్యి పట్టుకుని బయటి గేటు దాకా నడిపించుకెళ్లి వదిలి, మళ్లీ వచ్చి క్యారేజీ అందుకుంది. మేడ మీంచి అది చూసిన థియేటరు యజమాని, అందరూ పెద్దాయన అనే ఆయన, మర్నాడు అబ్రహామును పిలిచి, "మీ ఆవిణ్ణి గేటుకి పంపుతావా?" అని అడిగాడు.

పెద్దాయనకి ఒక పట్టుదల ఉండేది. పెద్దలకు మాత్రమే అని సెన్సారు వాళ్లు ముద్ర వేసిన సినిమా ఆడేటప్పుడు, తనే వచ్చి గేటు పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన వాళ్లకి చేతులు జోడించి డబ్బు వాపసు ఇప్పించేవాడు. "మనం సినిమా అమ్ముకుంటున్నాం మార్తా, పసిపిల్లల నిద్ర అమ్ముకోవట్లేదు," అనేవాడు. ఆ మాట ఆవిడకి బాగా నచ్చింది. బైబిలు వాక్యంలా మనసులో పెట్టుకుంది.

తర్వాత చాలా మారాయి. రీళ్లు పోయి డిజిటల్ వచ్చింది. అబ్రహాము పని పోయి ఆటో కొన్నాడు, మంగళగిరి రూటులో తిప్పుతున్నాడు. పెద్దాయన కాలం చేశాడు. ఆయన కొడుకులు థియేటర్ని లీజుకిచ్చేశారు. లీజుదారు హైదరాబాదులో ఉంటాడు, ఫోన్లోనే మాట్లాడతాడు. ఇక్కడ ఆయన నోరూ చెవీ అన్నీ మేనేజరు హనుమయ్యే. హనుమయ్య చెడ్డవాడు కాదు. ఫోను మోగితే నిలబడి మాట్లాడే రకం, అంతే.

మొన్న వేసవి ముందు ఆ థియేటరుకి "నిలువుటద్దం" మళ్లీ వచ్చింది. పాతికేళ్ల కిందటి సినిమా. రంగులు కడిగి, శబ్దం సరిచేసి, పెద్ద హీరోల పాత సినిమాలు వేస్తున్నట్టే దీన్నీ మళ్లీ విడుదల చేశారు. మొదటిసారి వచ్చినప్పుడు మార్తమ్మ గేటుకి కొత్త. యాభై రోజులు ఆడింది. ఆ యాభై రోజులూ తలుపు బయటే ఉంది కనక ఆవిడ ఆ సినిమాని చూడలేదు, విన్నది. ఎక్కడ వీణ ఆగిపోతుందో, ఎక్కడ జనం ఒక్కసారిగా ఊపిరి బిగబట్టి నిశ్శబ్దమైపోతారో ఆవిడకి తెలుసు. కథ అబ్రహాము చెప్పాడు. మొగుడు పోయిన ఒక ఇల్లాలు పెద్ద ఇంట్లో కూతురితో ఒంటరిగా ఉంటుంది. నిద్ర పట్టదు. నిలువుటద్దంలో తన చనిపోయిన అక్క కనిపించి మాట్లాడుతుంటుంది. ఆ పిల్ల నీ పిల్ల కాదు, నీ పిల్లని ఎవరో మార్చేశారు అని చెబుతుంటుంది. ఆ తల్లి దాన్ని మెల్లమెల్లగా నమ్మేస్తుంది. దెయ్యం లేదు, భూతం లేదు. ఉన్నదంతా ఆ తల్లి మనసులోనే.

విడుదలకి ముందురోజు ప్రహరీ మీద కట్టిన ఫ్లెక్సీ చూసి మార్తమ్మ ఆగిపోయింది. "అప్పుడు అమ్మానాన్నలు మెచ్చారు, ఇప్పుడు పిల్లాపాపలతో రండి," అని రాసి ఉంది. పెద్దలకు మాత్రమే అని చెప్పే గుర్తు ఉండాల్సిన మూల మీద "పాతికేళ్ల పండగ" అని బంగారు రంగు చుక్క ఒకటి అతికించారు. ఆవిడ గోరుతో గీకి చూసింది. కింద గుర్తు ఉంది.

నేరుగా హనుమయ్య గదిలోకి వెళ్లింది.

"ఏంటండీ ఇది? పిల్లాపాపలతో రమ్మని రాశారు?"

"మనం రాయలేదమ్మా. హైదరాబాదు నుంచి అలాగే వచ్చింది."

"కట్టింది మనమేగా."

హనుమయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడు మార్తమ్మా, ఆ రోజులు వేరు. ఇవాళ పిల్లలు ఫోన్లో చూసే వాటి ముందు ఇదెంత? రక్తం లేదు, నరకడాల్లేవు. వయసు సంగతి పట్టించుకోవద్దని సార్ చెప్పారు. టికెట్టు ఉంటే పంపెయ్."

"రక్తం ఉంటే పిల్లలు సాస్ అనుకుని నవ్వుతారండీ. ఇందులో తల్లే భయం. ఆ భయంతో ఇంటికెళ్తే వాళ్ల వీపు నిమిరేదెవరు?"

హనుమయ్య ఫోను తీసుకుని ఎవరికో చేస్తున్నట్టు చెవి దగ్గర పెట్టుకున్నాడు.

శనివారం మ్యాట్నీకి జనం బాగా వచ్చారు. చాలామంది నలభై దాటినవాళ్లు, కాలేజీ రోజులు గుర్తు చేసుకుంటూ నవ్వుతూ మెట్లెక్కుతున్నారు. పిల్లలతో వచ్చిన మూడు కుటుంబాలకి మార్తమ్మ మెట్ల దగ్గరే చెప్పింది. ఒక కుటుంబం థాంక్స్ చెప్పి కిందికెళ్లి వేరే సినిమాకి పోయింది. రెండోవాళ్లు గొణుక్కుంటూ వెళ్లారు. మూడో ఆయన ఆగాడు. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, ఏదో బ్యాంకు గుర్తింపు కార్డు తాడు మెడలో ఇంకా వేలాడుతోంది. పక్కన ఎనిమిదేళ్ల పిల్ల, రెండు జడలు, చేతిలో పాప్‌కార్న్.

"పాపకి ఈ సినిమా వద్దండీ. పెద్దవాళ్లదిది," అంది మార్తమ్మ.

"నాకు తెలుసు. నేను దీన్ని మా జెస్సికా అంత ఉన్నప్పుడే చూశా. క్లాసిక్ అండీ ఇది. పిల్లలకి మంచి సినిమాలు చూపించాలి, పిచ్చి డాన్సులు కాదు."

"పాతికేళ్ల కిందటి మాట కదండీ. అంటే మీకు పన్నెండో పదమూడో ఉండాలి. ఈ పాపకి అన్నేళ్లు లేవు."

ఆయన మొహం ఎర్రబడింది. "ఏ ఏడైతేనేం? నాకేమైంది? బాగానే ఉన్నాగా?"

మార్తమ్మ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "బాగానే ఉన్నానని మీరంటున్నారు. అన్నీ తెలిసి ఈ పిల్లని ఇక్కడికి తెచ్చారు. నాకైతే అది బాగున్నట్టు కనబడట్లేదండీ."

వెనక ఎవరో నవ్వారు. ఆయన గొంతు పెంచాడు. హనుమయ్య పరుగున వచ్చాడు. యేసుకుమార్ అని తన పేరు చెప్పి, ఇంత అవమానం ఎక్కడా జరగలేదని, రివ్యూల్లో రాసేస్తానని ఆయన అంటుంటే హనుమయ్య చేతులు నలుపుకున్నాడు.

"పంపించు మార్తమ్మా."

"నేను చింపనండీ."

"టికెట్టు కొన్నారు కదా."

"అందుకే నేను చింపననేది. చింపితే నేను పంపినట్టు."

హనుమయ్య తనే ఆ రెండు టికెట్లు తీసుకుని చింపాడు. అలవాటు లేని చెయ్యి, అడ్డదిడ్డంగా చిరిగాయి. పిల్ల తండ్రి వేలు పట్టుకుని లోపలికెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. తర్వాత వచ్చిన పది మంది టికెట్లు కోపంలో ఎలా చింపిందో మార్తమ్మకే తెలియదు.

ఇంటర్వెల్‌కి ఇంకా పావుగంట ఉందనగా వీణ ఆగిపోయింది. ఆ తర్వాత ఏం వస్తుందో ఆవిడకి తెలుసు. అద్దం ముందు కూర్చోబెట్టి తల్లి కూతురికి జడ వేస్తుంటుంది. వేస్తూ వేస్తూ ఆ తల్లి చేతులు నెమ్మదిగా పిల్ల మెడ మీదికి వస్తాయి. లోపల జనం ఊపిరి బిగబట్టారు. అంతలో తలుపు తోసుకుని జెస్సికా బయటికొచ్చింది. ఏడవట్లేదు. నోరు తెరిచే ఉంది, గొంతు రావట్లేదు. గోడకి ఆనుకుని అలా కిందికి జారిపోయింది. గౌను తడిసింది.

మార్తమ్మ గేటు వదిలేసి వెళ్లి పక్కన కూర్చుంది. మోకాళ్లు కలుక్కుమన్నాయి. తన చీర కొంగు పిల్ల ఒళ్లో కప్పింది. నీళ్లు తాగించింది. జుట్టు సవరించబోతే ఆ పిల్ల రెండు చేతులతో మెడ కప్పుకుని వెనక్కి జరిగింది.

మార్తమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. "సరే నాన్నా. ముట్టుకోను. ఇక్కడే కూర్చుంటా."

చాలాసేపటికి పిల్ల అడిగింది. "అమ్మలు అలా చేస్తారా ఆంటీ?"

"చెయ్యరమ్మా. అదొక జబ్బు. ఆ సినిమాలో ఆవిడకి జబ్బు చేసింది, మందు ఇచ్చేవాళ్లు లేరు."

"మా అమ్మ హాస్పిటల్లో పని చేస్తది. ఇవాళ ఇంట్లోనే ఉంది." కొంగు గట్టిగా చుట్టుకుని, "నేను ఇంటికి వెళ్లను," అంది.

యేసుకుమార్ ఇంటర్వెల్ గంట మోగాకే బయటికొచ్చాడు. పిల్ల బాత్రూముకి వెళ్లిందనుకున్నాడట. కూతుర్ని అలా చూసి ఒక్క క్షణం గతుక్కుమన్నాడు. అది నిజం. కానీ చుట్టూ నలుగురు చూస్తున్నారని తెలియగానే నవ్వు తెచ్చుకున్నాడు. "ఏంట్రా ఇది, ఇంత పిరికిదానివా? భయపడితేనే ధైర్యం వస్తది. రా, ఇంకో గంటే."

మార్తమ్మ లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"ఈ పిల్లని మళ్లీ లోపలికి తీసుకెళ్తే నేను కింద రోడ్డు మీదికెళ్లి అరుస్తానండీ. ఉద్యోగం పోతే పోనీ. తీసుకెళ్లండి ఇంటికి. దారిలో పిరికిదని అనకండి. వాళ్లమ్మకి జరిగింది జరిగినట్టు చెప్పండి."

ఆయన పిల్లని ఎత్తుకుని మెట్లు దిగాడు. వెళ్తూ వెళ్తూ కౌంటరు దగ్గర ఫిర్యాదు రాసిపెట్టి మరీ వెళ్లాడు. ఆ సాయంత్రమే హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. హనుమయ్య నిలబడి విన్నాడు. సోమవారం నుంచి మార్తమ్మని బాల్కనీ గేటు నుంచి తీసేసి సైకిల్ స్టాండులో వేశారు.

ఆవిడ స్టాండుకి వెళ్లలేదు. సోమవారం అబ్రహామును వెంటబెట్టుకుని కౌంటర్లో రెండు టికెట్లు కొని మ్యాట్నీకి లోపలికెళ్లి కూర్చుంది. గేటు దగ్గర కొత్త మనిషి ఆవిడ టికెట్టు చింపుతూ సిగ్గుపడ్డాడు. మణిమంజరిలో ఆవిడ ఒక సినిమాని పేర్లు పడ్డ దగ్గర్నించి దీపాలు వెలిగేదాకా చూడడం అదే మొదటిసారి.

సినిమా చాలా బాగుంది. ఆవిడ అనుకోనంత బాగుంది. ఆ తల్లి రాక్షసి కాదు. నిద్ర లేక, మాట్లాడే దిక్కు లేక, తన తల తనకే వైరి అయిపోయిన మనిషి. చివరికి పిల్లని పక్కింటావిడ చేతిలో పెట్టి, "నా దగ్గర ఉంచకండి, నన్ను నేను నమ్మలేకపోతున్నా," అంటుంది. ఆ మాటకి మార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కూతురు వినీల పుట్టిన మూడో నెలలో తను కూడా గోడ వైపు తిరిగి పడుకుని ఎవరితోనూ మాట్లాడని రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు అత్తగారు శౌరమ్మ బిడ్డనెత్తుకుని ఏమీ అడక్కుండా గడిపేసింది.

బయటికొచ్చి ఆటోలో కూర్చున్నాక అబ్రహాము అన్నాడు. "యాభై రోజులు నడిపాను గానీ, ఆ జడ వేసే రీలు వచ్చినప్పుడు కిటికీలోంచి చూసేవాణ్ణి కాదు. అటు తిరిగి రీలు చుట్టుకునేవాణ్ణి. మనకప్పుడు వినీల చిన్నది."

"నాకు చెప్పలేదే?"

"ఏం చెప్తా. మగాణ్ణి."

సినిమా బాగున్నందుకు మార్తమ్మ కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. చెత్త సినిమా అయితే పోనీ అనుకునేది. పెద్దవాళ్లు చూసి తమ ఇళ్లల్లో నోరెత్తని ఆడవాళ్లని గుర్తు చేసుకోవాల్సిన సినిమా ఇది. దాన్ని తీసుకొచ్చి, గుర్తు మీద బంగారు చుక్క అతికించి, ఎనిమిదేళ్ల పిల్లలకి అమ్ముతారా? ఆ రాత్రి అన్నం కలుపుతూ కూడా ఆ చుక్క గురించే తిట్టింది.

బుధవారం వాళ్ల చర్చి పెద్ద జాన్ పాల్ గారు ఇంటికొచ్చారు. ఆయనతో నలుగురు యువకులు, టైపు చేసిన కాగితం. శనివారం జరిగింది ఊరంతా పాకింది. "నీ ధైర్యానికి దేవుడికి స్తోత్రం చెల్లించామమ్మా," అని కూర్చుని కాగితం చదివారు. అది సైతాను సినిమా అని, మాతృత్వాన్ని కించపరుస్తోందని, దాన్ని రాష్ట్రంలో ఎక్కడా ఆడనివ్వకూడదని, రేపు బెంజ్ సర్కిల్ దగ్గర ధర్నా అని అందులో ఉంది. అడుగున మొదటి సంతకం మార్తమ్మది కావాలట.

"మీరు చూశారా అయ్యగారూ?"

"అలాంటివి చూస్తామా అమ్మా?"

"నేను చూశానండీ. నేను సంతకం పెట్టను."

జాన్ పాల్ గారు నొచ్చుకున్నారు. "నువ్వే కదా గేటు దగ్గర అడ్డం నిలబడింది?"

"పిల్లలకి అడ్డం నిలబడ్డానండీ. సినిమాకి కాదు. మన సంఘంలోనే ఎంతమంది ఆడవాళ్లు ఆ సినిమాలో తల్లిలాగా గోడ వైపు తిరిగి పడుకుంటారో మీకు తెలియదు. మీరు ప్రార్థన చేసి వెళ్లిపోతారు. ముందు మీరు చూడండి. మీ ఆవిణ్ణి తీసుకెళ్లండి. అప్పుడు రండి సంతకానికి."

యువకుల్లో ఒకడు నవ్వాపుకోబోయి దగ్గాడు. జాన్ పాల్ గారు టీ తాగకుండానే లేచారు. వాళ్లు గుమ్మం దాటాక అబ్రహాము భార్యని చూసి, "ఇటు వాళ్లూ పోయారు, అటు వాళ్లూ పోయారు. ఇంక మిగిలిందెవరే?" అన్నాడు.

మిగిలింది ఒకావిడ ఉందని మర్నాడు తెలిసింది. పొద్దున్నే నర్సు డ్యూటీ బట్టల్లో ఒకామె ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. క్రిస్టినా, జెస్సికా తల్లి. అడ్రసు హనుమయ్యే ఇచ్చాడట, ఎవరికీ చెప్పొద్దని. రాగానే ఆమె గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"అయిదు రోజులైందండీ, నా దగ్గర పడుకోవట్లేదు. తల దువ్వనివ్వట్లేదు. వాళ్ల నాన్న జడలు వేస్తున్నాడు, వంకర్లుగా. నేను గదిలోకి వస్తే మెడ మీద చేతులు పెట్టుకుంటుంది. కన్నబిడ్డ నన్ను చూసి అలా చేస్తే..." కళ్లు తుడుచుకుని అంది, "ఆయన చేసింది ఆయనతో తేల్చుకుంటా. ఆ ఫ్లెక్సీ చూసి కాదు, తన గొప్పకి తీసుకెళ్లాడు. కానీ అడ్డం నిలబడాల్సిన చోట మీరొక్కరే ఉన్నారు. మీరు ఎక్కడికెళ్తే అక్కడికి నేనొస్తా."

ఇద్దరూ కలిసి ఫిర్యాదు కాగితం రాశారు. మార్తమ్మ చెబుతుంటే క్రిస్టినా రాసింది. సినిమా ఆపమని లేదు. ముద్ర కప్పి, పిల్లల్ని రమ్మని పిలిచి టికెట్లు అమ్మారని, ఫలానా రోజు ఫలానా ఆటకి ఇలా జరిగిందని, ఇద్దరి సంతకాలు. గీకిన చుక్కతో సహా ఫ్లెక్సీ ఫొటో వినీల ఫోన్లో తీసింది. థియేటర్లకి లైసెన్సులిచ్చే ఆఫీసులో గుమాస్తా దాన్ని చదివి తలెత్తాడు.

"ఏమ్మా, సినిమా అంత దరిద్రంగా ఉందా?"

"చాలా బాగుందండీ," అంది మార్తమ్మ. "మీరు తప్పకుండా చూడండి. పిల్లల్ని ఇంట్లో పెట్టి చూడండి."

ఆయన రేపు రమ్మన్నాడు. మర్నాడు వెళ్తే సోమవారం అన్నాడు. ఆవిడ అక్కడే బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చుంది. క్రిస్టినా డ్యూటీ మానుకుని పక్కన కూర్చుంది. చివరికి లోపలి అధికారి ఒకామె అన్నానికి వెళ్తూ వీళ్లని చూసి, కాగితం నిలబడే చదివి, ఫొటో తన ఫోనుకి పంపించుకుంది.

శనివారం మ్యాట్నీకి ఆమె మామూలు చీరలో వచ్చి, టికెట్టు కొని, బాల్కనీలో ఎంతమంది పిల్లలున్నారో లెక్కపెట్టుకుని వెళ్లింది. ఆ సాయంత్రానికి నోటీసు వచ్చింది. ఫ్లెక్సీ దిగింది. కౌంటరు మీద పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి టికెట్టు లేదని తెల్ల బోర్డు వేలాడింది. లీజుదారు ఫోన్లో ఎగిరాడు. మార్తమ్మని తీసెయ్యమన్నాడు. హనుమయ్య ఆ రోజు ఫోను కూర్చునే మాట్లాడాడని, "నోటీసు ఉండగా ఆవిణ్ణి తీసేస్తే ఇంకో నోటీసు వస్తది సార్," అన్నాడని కౌంటరు వాళ్లు చెప్పుకున్నారు. బాల్కనీ గేటు మాత్రం తిరిగివ్వలేదు. కింది తరగతి గేటు ఇచ్చారు. "నిలువుటద్దం" ఇంకో నాలుగు రోజులు ఆడి వెళ్లిపోయింది. జాన్ పాల్ గారి ధర్నా ఫొటో పేపర్లో వచ్చింది. మార్తమ్మ పేరు ఎక్కడా రాలేదు.

ఆ మొదటి శనివారం గడిచి మూడు వారాలైన ఒక ఆదివారం, ఆరాధన అయి ఇంటికొచ్చి చేపల పులుసు పొయ్యి మీద పెట్టిన వేళ క్రిస్టినా ఫోన్ చేసింది. జెస్సికా నిన్న తల దువ్వించుకుందట. గోడ వైపు కూర్చుని, మధ్యమధ్యలో వెనక్కి తిరిగి చూస్తూ.

మార్తమ్మ ఆ సంగతి చెబితే అబ్రహాము, "పోన్లే, కుదుటపడుతోంది," అన్నాడు.

"పోన్లే ఏంటి?" ఆవిడ గరిటె పక్కన పెట్టింది. "మూడు వారాలయ్యా. కన్నతల్లి చేతుల్ని చూసి ఆ పిల్ల మూడు వారాలు వణికింది. గంటసేపు చూసిన ఆటకి. దీని ఖరీదు ఎవరు కడతారు?"

పులుసు పొంగుతుంటే అబ్రహాము లేచి మంట తగ్గించాడు. ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది.